ముందుగా తీసిన పిడికెడు

గుంటూరులో మా ఇంట్లో బియ్యం ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంటాయి. పొద్దున్నే మూత తీయగానే నా చెయ్యి ముందుగా ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న స్టీలు డబ్బాలో వేస్తుంది. ఆ తర్వాతే గ్లాసు అందుకుని, ఇవ్వాళ ఇంట్లో తినేవాళ్ళు ఎంతమందో చూసుకుని కొలుస్తాను. ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. ఎందుకో ఈ మధ్య ఆ పిడికెడు డబ్బాలో పడగానే ఆగిపోతున్నాను. ఎవరి కోసం తీస్తున్నాను ఇది? ఇక్కడ మేం వెళ్ళే చర్చిలో బియ్యం తీసుకునే అలవాటు లేదు. కానుకల సంచీ వరసల మధ్య తిరుగుతుంది, చేతిలో నగదు లేనివాళ్ళ కోసం గుమ్మం పక్కన క్యూఆర్ కోడు అంటించి ఉంటుంది. జీతం పడ్డ రోజే దశమ భాగం తీసి పెట్టేస్తాం. ఈ బియ్యమా, కొట్లో కొన్నవి, మా చేతి పంట కూడా కాదు. డబ్బా నిండితే సంచీలో పోసుకుని ఊరెళ్ళేటప్పుడు అమ్మకిస్తాను. అమ్మ తన బియ్యంతో కలిపి గుడికి, అంటే మా ఊరి చర్చికి, పంపుతుంది. పంపకపోతే అడిగేవాళ్ళు లేరు. మానేస్తే దేవుడికి కోపం వస్తుందన్న భయం నాకు లేదు. మరి చెయ్యి ఎందుకు మానదు? అలవాటు అనుకుని వదిలేద్దామంటే మనసొప్పడం లేదు. ఒట్టి అలవాటుకి ఇంత బరువుండదు.

మా ఊరు బాపట్ల వైపు, కొమ్మమూరు కాలువ చివరి భూముల్లో ఉంటుంది. ఆ ఇంట్లో ఈ పిడికెడుకి ఒక పాత డాల్డా డబ్బా ఉండేది, పసుపు రంగు మీద చెట్టు బొమ్మ సగం చెరిగిపోయింది. పొయ్యి వెలిగించబోయే ముందు అమ్మ బియ్యం కుండలో చెయ్యి పెట్టి మొదటి పిడికెడు అందులో వేసేది. ఆ తర్వాతే తవ్వతో కొలిచేది. వండగా మిగిలితే ఇద్దాం, నెలాఖరుకి చూద్దాం అనే మాట ఆ ఇంట్లో నేను వినలేదు. శనివారం సాయంత్రం స్త్రీల సమాజం వాళ్ళు గంప పట్టుకుని ఇంటింటికీ వచ్చేవాళ్ళు. గుడి వరండాలో చాప పరిచి అన్నిళ్ళ బియ్యం ఒకచోట గుమ్మరించేవాళ్ళు. ఆ చాప అంచున కూచుని చూడటం నాకెంతో ఇష్టం. సన్నగా మెరిసే సాంబ మసూరి, లావుగా పసుపు తిరిగిన రేషను బియ్యం, నూకలు, ఒక్కోసారి వడ్లగింజలు ఏరని దంపుడు బియ్యం. ఎవరింట్లో రోజులెలా గడుస్తున్నాయో ఆ చాప మీద తెలిసిపోయేది. నూకలు ఎవరి డబ్బాలోంచి పడ్డాయో అందరూ చూసేవాళ్ళు, ఒక్కరూ పైకి అనేవాళ్ళు కాదు. గబగబా రెండు చేతులా కలిపేసేవాళ్ళు. కలిపాక ఎవరివి ఏవో ఇక చెప్పలేం. వాటిని అమ్మిన డబ్బు అయ్యగారి, అంటే మా పాస్టరు గారి, జీతానికీ గుడి దీపాలకీ పోయేది. ఎవరింట్లోనన్నా కాన్పో చావో వస్తే ముందు అక్కడికే పోయేది.

నాట్లు అయిపోయి కోతలు ఇంకా మొదలుకాని నెలలు మాలాంటి ఇళ్ళకి గడ్డుకాలం. కూలి ఉండదు, పాత గింజలు అడుగంటుతాయి. ఆ రోజుల్లో అమ్మ కుండ దగ్గర కాసేపు నిలబడి నన్ను పిలిచేది. "అమ్మాయ్, ఇవ్వాళ నువ్వెయ్యి" అనేది. నాకది గొప్పగా ఉండేది. కుండలోకి వంగి, వేళ్ళ సందుల్లోంచి జారిపోకుండా గట్టిగా పట్టుకుని డబ్బాలో వేసేదాన్ని. నా పిడికిలి చిన్నది కాబట్టే పిలిచేదని నాకు పిల్లలు పుట్టాక గానీ తట్టలేదు. తట్టాక కూడా అమ్మని ఆ మాట అడగలేదు. దేవుడికిచ్చే దాంట్లో కోత పెట్టడమా అది? నాకలా అనిపించదు. ఆ నెలల్లో మానేసినా తప్పుపట్టేవాళ్ళు లేరు, గంప పట్టుకొచ్చే ఆడవాళ్ళ ఇళ్ళలోనూ అదే పరిస్థితి. ఆమె మానలేదు. అలాగని మా కంచాల్లో తగ్గించడానికీ ఆమెకి మనసు రాలేదు. దేవుడికి ఒక మాట ఇచ్చి ఉంది, మమ్మల్ని కని మాకూ ఒక మాట ఇచ్చి ఉంది. రెండూ దక్కే దారి పిల్లదాని చేతిలో వెతుక్కుంది. ఇచ్చిన మాట మీద నిలబడటం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. వాటిలో ఏదీ నాకు ఇంత దగ్గరగా రాలేదు.

ఈ పిడికెడు వెనక ఇంకో సంగతి ఉంది, అది నాన్నమ్మ చెప్పేది. ఆమె చిన్నప్పుడు ఊళ్ళో పెద్ద ఇళ్ళవాళ్ళు మా వాళ్ళని "పిడికెడు బియ్యం కోసం మతంలో కలిసినోళ్ళు" అనేవాళ్ళట. ఆ మాట ఆమె ఎనభై ఏళ్ళ వయసులో చెప్పినా గొంతు మారేది. పెద్దయ్యాక నేను ఆ కాలం గురించి దొరికినవి చదివాను. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ క్లౌ ఉన్నాడు. ఆకలితో వచ్చేవాళ్ళకి పని చూపించడానికి ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్కని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. మా పొలానికి నీళ్ళు తెచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర ఆ బకింగ్‌హాం కాలువలోనే కలుస్తుంది, కాబట్టి నాకు ఆ తవ్వకం ఎక్కడో జరిగిన కథలా ఉండదు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చి మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదు, అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, 1866లో, తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి తన వాళ్ళకి చెప్పుకుంటూ వచ్చాడు. దారి ఆయన వేసి పెట్టిందే.

ఆ 2,222 మంది మనసుల్లో ఏముందో నేనెలా చెప్పగలను? కొందరికి నమ్మకం, కొందరికి తలెత్తుకుని నడవాలన్న ఆశ, కొందరికి చుట్టాలతో పాటు వెళ్ళడం, కొందరికి మళ్ళీ కరువొస్తే ఎవరో ఒకరు ఉంటారన్న ధీమా, అన్నీ ఉండి ఉంటాయి. ఏ మాటైనా ఇచ్చేటప్పుడు మన లోపల ఇలాంటివన్నీ కలిసే ఉంటాయి కదా. పెళ్ళినాడు మాత్రం ఒక్క కారణంతోనే నిలబడతామా? నాకు ముఖ్యమనిపించేది తర్వాత జరిగింది. బియ్యం కోసం కలిశారని మాటపడ్డ వాళ్ళ కోడళ్ళు, మనవరాళ్ళు, రోజూ పొయ్యి ముట్టించే ముందు పిడికెడు బియ్యం తీసి ఇస్తూ వచ్చారు. తరాల తరబడి. తీసుకున్నది ఏనాడో తీరిపోయి ఉంటుంది. ఆ ఆడవాళ్ళు దాన్ని బదులుగా అనుకోలేదు, ఎవరికీ జవాబుగా చెప్పుకోలేదు. జవాబు కావాలన్నది నా కోరిక, నాన్నమ్మ గొంతు విన్నదాన్ని కాబట్టి.

పేద సంఘం తన అయ్యగారిని తనే పోషించుకోవాలని గట్టిగా పట్టుబట్టిన వాళ్ళలో దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఒకరు. తిరునెల్వేలి వైపు నుంచి 1909లో తెలుగు నేలకి వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఇవ్వడం గురించే ఒక పుస్తకం రాశాడు. పేదవాడి గౌరవం కూడా ఇవ్వడంలోనే ఉందని ఆయన నమ్మాడని నాకు అర్థమైంది. మిజోరంలోనూ ఆడవాళ్ళు 1910 నుంచి 'బుహ్‌ఫాయ్ థామ్' పేరుతో ఇదే పిడికెడు తీస్తున్నారని చదివినప్పుడు, ఆ కొండల మీద ముఖం తెలియని వంటగత్తెలు నాకు వరసైన వాళ్ళనిపించారు.

నాన్నది వేరే పిడికిలి. ఆయన సొంత భూమి ప్రభుత్వం ఇచ్చిన అరెకరం పట్టా. చేసేది మూడెకరాల కౌలు. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట. కాగితం లేదు, నోటిమాటే. పండినా ఎండినా ఆ బస్తాలు కొలవాలి. ఈ మాట ఇచ్చేటప్పటికి వాన ఎలా పడుతుందో తెలీదు, కాలువకి నీళ్ళు ఎప్పుడొదులుతారో తెలీదు, ధర సంగతి అసలే తెలీదు. తెలిసినవాళ్ళెవరూ అలాంటి మాట ఇవ్వరేమో. చిన్నప్పటి నుంచీ నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది మాత్రం మినుములు చల్లడం. వరి ఇంకా కొయ్యలేదు, పొలం పచ్చబడి పండి నిలబడే ఉంటుంది. కోతకి రెండు మూడు రోజుల ముందు నాన్న గోచీ బిగించి, మినుముల బుట్ట చంకన పెట్టుకుని, ఆ నిలబడ్డ చేలోకి దిగుతాడు. ఒక చేత్తో వెన్నుల్ని పక్కకి తోసుకుంటూ ఇంకో చేత్తో విత్తనం చల్లుకుంటూ పోతాడు. ఎకరానికి 16 కిలోల దాకా పడుతుంది. నేల మీది పదునుతోనే మొలుస్తుంది, మంచుకే పెరుగుతుంది, దానికి వేరే నీళ్ళు పెట్టరు. వరి కోసేవాళ్ళ కాళ్ళ కింద అప్పటికే గింజ నాని ఉబ్బుతూ ఉంటుంది. మొదటి పంట చేతికి రాకముందే రెండో పంట నేలలో ఉంటుంది. డెల్టాలో తరాలుగా ఉన్న పద్ధతే. కోత మిషన్లు వచ్చాక చాలామంది దాన్ని మానేసి మొక్కజొన్నకి పోయారు. నాన్న మానలేదు. వరి పాడైతే మినుములు ఆదుకుంటాయన్నది ఆయన లెక్క. నేను మాత్రం ఆయన అలా చేలోకి దిగినప్పుడల్లా అమ్మ కుండలో చెయ్యి పెట్టడమే గుర్తుచేసుకునేదాన్ని. ఇద్దరూ ఫలితం చూశాక ఇచ్చే మనుషులు కాదు.

అయితే ఇవి ఎప్పుడూ ఒకదానికొకటి అనుకూలంగా ఉండవు. ఒక ఏడాది కాలువలో నీళ్ళు తక్కువై వంతులు పెట్టారు. మా తూముకి వంతు శనివారం రాత్రి దాటాక వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం దాకా నాన్న గట్ల మీదే ఉండాలి. విశ్రాంతి దినాన పని చెయ్యకూడదని ఆయనకి ఎంత పట్టుదలో, ఎండుతున్న నాట్లు చూస్తే అంత బెంగ. శనివారం సాయంత్రం అయ్యగారి దగ్గరికెళ్ళి అడిగాడు. గుంటలో పడ్డ ఎద్దుని విశ్రాంతి దినానైనా పైకి తీస్తారు కదా అని సువార్తలో ఉన్న సంగతి అయ్యగారు గుర్తుచేసి ఊరుకుంటారనుకున్నాం. ఆయన వేరే అడిగాడు. "నీ తూము కింద ఇంకెంతమంది పొలాలున్నాయయ్యా?" ఇంకో నలుగురివి ఉన్నాయి. నాన్న మడి తడిసి మడవ తిప్పితేనే వాళ్ళకి నీళ్ళు. "అయితే వెళ్ళు. నువ్వు గుడికొచ్చి కూచుంటే వాళ్ళ చేలు ఎండుతాయి" అన్నాడాయన. నాన్న పొద్దున ఆరాధన సగంలో బురద కాళ్ళతో వచ్చి గుమ్మం దగ్గర కూచున్నాడు. కాసేపు పాటలు విని మళ్ళీ లేచి వెళ్ళాడు. ఆ రోజు నుంచి నాకు ఆదివారం అంటే అర్థం కొంచెం మారింది. దేవుడికిచ్చిన మాటలో పక్కవాడి చేను కూడా ఉంటుందని ఎవరూ అంత సూటిగా చెప్పలేదు నాకు.

ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన. లాంతరు మధ్యలో పెట్టి, తలా నాలుగు వచనాలు చదవాలి. సంఖ్యాకాండంలో, దినవృత్తాంతాల్లో పేర్ల పట్టికలు వచ్చినా వదిలేవాళ్ళు కాదు. తమ్ముడూ నేనూ ఆ పేర్లు కూడబలుక్కుంటూ చదివేవాళ్ళం. అమ్మా నాన్నా గొడవపడ్డ రాత్రులు కూడా అది ఆగేది కాదు. నాన్న కోపిష్టి. ధాన్యం ధర పడిపోయిన రోజు ఆ కోపమంతా ఇంట్లోనే చూపేవాడు. అలాంటి రాత్రి కూడా అమ్మ పాట ఎత్తుకోవాలి. ఎత్తుకునేది. గొంతు రాదు, రెండో చరణం దగ్గర ఆగిపోయేది. అక్కడ నాన్న అందుకునేవాడు, తగ్గు గొంతుతో. అది క్షమాపణ అనాలా? ఏమో. మర్నాడు పొద్దున మాత్రం ఇద్దరూ కలిసే పొలం వెళ్ళేవాళ్ళు. నాకు చాలాకాలం అదొక గొప్ప కాపురంగా కనిపించింది. పెళ్ళయ్యాక, నా గొంతు నాకే రాని రాత్రులు చూశాక, వేరే ప్రశ్న మొదలైంది. వెళ్ళిపోయే దారి లేనివాళ్ళు ఉండిపోవడాన్ని నిబద్ధత అనొచ్చా? కౌలు మానేస్తే నాన్నకి కూలి తప్ప ఇంకేముంది? ఇల్లు వదిలితే అమ్మకి పుట్టిల్లు మిగిలిందా? న్యాయాధిపతుల గ్రంథంలో యెఫ్తా మొక్కు చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మొక్కుకున్నది తండ్రి, తీర్చింది కూతురు. మాట నిలబెట్టుకున్నాడని అతన్ని మెచ్చుకోవడం నా వల్ల కాదు. మన ఇళ్ళలో మగవాడి మాట నిలబడటానికి ఆడవాళ్ళు ఎంత కూలి పెట్టారో ఎవరు రాశారు? కౌలు మాట నాన్నది, నాట్లు వేసిన నడుము అమ్మది, కలుపు తీసిన వేళ్ళు అమ్మవి.

అయినా అమ్మ దగ్గర కూచుంటే ఈ ప్రశ్న నేననుకున్నంత పదునుగా నిలవదు. ఆమెకి దారి లేక ఉండిపోయిన మనిషిలా కనిపించడం ఇష్టం ఉండదు. కొత్త కోడలుగా వచ్చినప్పుడు కొమ్మమూరు కాలువలో తన బాప్తిస్మం ఎలా జరిగిందో చెబుతుంది. వేసవిలో కాలువ కట్టేస్తారు కాబట్టి నీళ్ళు వదిలేదాకా ఆగాల్సి వచ్చిందట. నీళ్ళొచ్చిన మొదటి వారం, అందరూ నారుమళ్ళ హడావుడిలో ఉండగా, తను పట్టుబట్టి తేదీ పెట్టించుకుందట. "నేనే అడిగా. మీ నాన్న అడగలా" అంటుంది, ఆ మాట మీద ఒత్తి. దారి లేకపోవడమూ, తను ఎంచుకోవడమూ, రెండూ ఆమె బతుకులో కలిసే ఉన్నాయి. చాప మీద బియ్యాన్ని కలిపినట్టే కలిసిపోయాయి, ఇప్పుడు నేను వేరుచెయ్యలేను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా చేలో కొంత కోసి పనల మీద ఉంది, కొంత నిలబడి ఉంది, అందులో మినుములు చల్లి ఉన్నాయి. నీళ్ళు కాస్త తీసిన రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. నాన్న గట్టు మీద నిలబడి ఒక పన ఎత్తి చూపించాడు. కింది వరస వెన్నుల్లో గింజలు పగిలి గోరంత తెల్లటి మొలకలొచ్చాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి ముక్క వాసన. చల్లిన మినుములు ఎక్కడివక్కడ కుళ్ళిపోయాయి. నిలబడ్డ వరి నేలకంటుకుపోతే, బురదలో దిగే చైను మిషను తెప్పించి కోయించారు, దానికి గంటకింతని ఎక్కువ అద్దె. హైదరాబాదులో ఉండే తమ్ముడు మా అందరికంటే ముందు చేరాడు. వాడు చదువయ్యాక నాన్నతో పోట్లాడి, ఈ కౌలు పొలంలో అడుగు పెట్టనని చెప్పి వెళ్ళినవాడు. మోకాలి లోతు నీళ్ళలో పనలు మోసి గట్టుకి చేర్చాడు. మత్తయి సువార్తలో ఇద్దరు కొడుకులున్నారు, ఒకడు ద్రాక్షతోటకి పోనని చెప్పి తర్వాత వెళ్ళాడు, రెండోవాడు వెళ్తానని చెప్పి వెళ్ళలేదు. తమ్ముడి వీపు చూస్తుంటే ఆ మొదటివాడే కనిపించాడు నాకు. నాన్న మాత్రం వాణ్ణి ఒక్క మాటా అనలేదు. "ఆ మూల ముందు తియ్యరా, వాలుంది" అన్నాడంతే.

జనవరిలో కోత పండుగ. ప్రతి ఇంటివాళ్ళూ పంటలో మొదటిది, మంచిది తెచ్చి గుడిలో పెడతారు. ధాన్యం, గుమ్మడికాయలు, సొరకాయలు, కోడిపుంజులు, అరటి గెలలు. ఆరాధన అయ్యాక వేలంపాట. ఆ ఏడాది మా ఇంట్లో పెద్ద వాదన నడిచింది. రంగు మారిన ధాన్యం దేవుడి ముందు పెట్టడం ఏమిటని నాన్న. కుంటివీ గుడ్డివీ అయిన జంతువుల్ని బలికి తెచ్చినవాళ్ళని మలాకీ ప్రవక్త ఎంతగా మందలించాడో ఆయనకి బాగా తెలుసు. బజార్లో మంచి బియ్యం బస్తా కొని పెడదామన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "అది ఎవరో పండించింది. మనకి ఆయనిచ్చింది ఇది. ఏడాదంతా ఇదే తింటాం, ఇదే ఇద్దాం" అంది. నేను రెండు వైపులా ఆలోచించి అమ్మ పక్షమే వహించాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ప్రవక్త కోప్పడింది మంచిదాన్ని మందలో దాచుకుని పనికిరానిదాన్ని తెచ్చినవాళ్ళ మీద. దాచుకోవడానికి మా గాదెలో మంచిది ఎక్కడుంది? ఆ ఏడాదంతా మా ఊళ్ళో అన్నం నల్ల మచ్చల బియ్యంతోనే, ఎన్నిసార్లు కడిగినా కాస్త వాసన మిగిలేది.

అమ్మ గంపలో ఆ ధాన్యమే తీసుకెళ్ళింది. చూస్తే చాలా గంపలు అలాంటివే. అయ్యగారు ఆ రోజు ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం చదివించాడు. తొలి పంట గంపలో తెచ్చిన రైతు ఊరికే పెట్టి వెళ్ళకూడదని, తన పెద్దలు ఐగుప్తులో ఎలా బానిసలుగా ఉన్నారో, ఎలా బయటపడ్డారో నోరు తెరిచి చెప్పాలని అందులో ఉంటుంది. మా ఊళ్ళో తాతల తరం వాళ్ళు పాలేర్లుగా, ఏడాది జీతాలకి అమ్ముడుపోయిన చేతులతో ఆ పొలాల్లోనే పని చేశారు. ఇప్పుడు కౌలుకైనా సరే, నష్టానికైనా సరే, ఆ పొలాల్లో గంప నింపేది మేం. గంప పెట్టేటప్పుడు నాన్నమ్మ పేరు తలచుకున్నాను. వేలంలో మా గంపని పాడేవాళ్ళుంటారా అనుకుంటుంటే స్త్రీల సమాజం తరఫున ఒక పెద్దావిడ పాట మొదలుపెట్టింది. మంచి ధాన్యానికి ఏం పాడతారో అంతకే పాడింది. తడిసిన ప్రతి గంపకీ అలాగే. ఆ డబ్బు పిడికెడు బియ్యం అమ్మగా పోగైనదే.

పండగ అయింది గానీ కౌలు బస్తాలు మిగిలే ఉన్నాయి. భూమి గలాయన కొంత తగ్గించాడు, అంతా తగ్గించలేదు. మిగిలింది తమ్ముడి డబ్బూ, అమ్మ గాజుల మీద తెచ్చిన అప్పూ కలిపి తీర్చారు. మాట ప్రకారం ఆయనకి చెల్లింది. మరి మాకు? పంట నష్టం రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు మొదట అడిగింది కాగితం. నోటిమాట కౌలుకి కాగితం ఎక్కడిది? మాట మీద బతికినవాడు మాట దగ్గరే నష్టపోవడం నాకు మింగుడుపడలేదు. ఒకవైపు మాత్రమే కట్టేసే మాటని నేను పవిత్రం అనలేను, అది ఎంత నిజాయితీగా నిలబెట్టినా సరే. అప్పటికి 2019 చట్టం కింద సాగుదారు హక్కు కార్డు తీసుకునే వీలుండేది, కానీ దానికి భూమి గలాయన సంతకం కావాల్సి వచ్చేది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. తమ్ముడూ నేనూ రెండుసార్లు వెళ్ళి కూచున్నాం. ఈ సంతకంతో ఆయన హక్కుకి ఏమీ కాదని చట్టంలో ఉన్నది చదివి వినిపించాం. చివరికి పెట్టాడు. మరుసటి ఏడాది కార్డు వచ్చింది. నాన్న దాన్ని బైబులు అట్ట లోపల దాచుకున్నాడు.

దాని మీద నాన్న పేరు ఒక్కటే ఉంది. నేను అడిగాను, అమ్మ పేరు ఎందుకు లేదని. నాట్లు, కలుపు, గాజులు, అన్నిటిలో ఉన్న మనిషి కార్డు మీద ఎందుకు లేదు? నాన్న వెంటనే కాదనలేదు. కార్డు ఏటేటా రాసేదే కాబట్టి వచ్చే కౌలుకి రెండెకరాలు తన పేరున, ఒక ఎకరం అమ్మ పేరున రాయించొచ్చునేమో చూద్దామన్నాడు. భూమి గలాయన ఏమంటాడోనని కాసేపు ఆలోచించాడు. "ఉగాది పోయాక అడుగుదాంలే" అన్నాడు. అమ్మ చేటలో మినుములు చెరుగుతోంది. చెయ్యి ఆపకుండానే అంది, "ఎకరం ఏందయ్యా, సగం అడుగు. నేనూ వస్తా, ఆయనతో నేను మాట్లాడతా."